గుండీల డబ్బాలో సీసా

కాజాలక్కకి ఆ పేరు పెట్టింది దర్జీ దుకాణం వాళ్లే. గుండీ దూరే రంధ్రాన్ని చేత్తో కుట్టాలంటే ఆ వీధిలో ఆమె తర్వాతే ఎవరైనా. కాజాలు కుట్టే మిషన్లు వచ్చి చాలాకాలమైనా, ఖరీదైన గుడ్డ కుట్టించుకునే పెద్దమనుషులు చేతి కాజాలే కావాలంటారు. ఆ పనిలో ఒక తిరకాసు ఉంది. కోటు మొత్తం కుట్టి, ఇస్త్రీ చేసి, ఇక తొడుక్కోవడమే తరువాయి అన్నప్పుడు దాన్ని బ్లేడుతో కొయ్యాలి. గీత ఒక నూలుపోగు పక్కకి పోయిందంటే అంతకు ముందు పడ్డ కష్టమంతా బూడిదలో పోసినట్టే. ఆమె చెయ్యి ఎన్నడూ పక్కకి పోలేదు. నోరు మాత్రం పోయేది. దుకాణానికి వచ్చినవాళ్ల పొట్టల మీద, బట్టతలల మీద ఆమె వేసే జోకులకి కటింగ్ మాస్టారు సైతం కత్తెర కింద పెట్టి నవ్వేవాడు. అంత నోరున్న మనిషి ఇంట్లో ఒక్క విషయంలో మాత్రం ఏళ్ల తరబడి నోటికి తాళం వేసుకుని బతికింది.

ఆ తాళం తమ్ముడి కోసం. అమ్మానాన్నలు తొందరగా పోతే, వాణ్ణి పెంచింది ఆమే. కుర్చీలు, బీరువాలు చేసే చెక్క పనుల షాపులో వాడు పాలిష్ పనివాడు. చెక్క పగుళ్లలో లప్పం పెట్టి, ఉప్పు కాగితంతో రుద్ది, వార్నిష్ పూస్తే మేజాబల్లలో మన మొహం మనకి కనిపించాలి. అలాంటి పనిమంతుడికి పాతికేళ్లు దాటాక నిద్ర కరువైంది. తర్వాత గోడ అవతలి వాళ్లు తన గురించే మాట్లాడుకుంటున్నారన్నాడు. ఆ తర్వాత అనుమానం కంచంలోకి దిగింది. కంచం వాసన చూడటం, అక్క కంచంతో మార్చుకోవడం, చివరికి వండినదేదీ ముట్టకపోవడం. తొక్క ఉన్నవి మాత్రం తినేవాడు. తొక్క తియ్యని అరటిపండు, పెంకు పగలని ఉడికిన గుడ్డు. మనుషులు చెయ్యి పెట్టలేనివి అవేనని వాడి లెక్క.

"ఏం కలుపుతున్నావక్కా?" అని ఒకరోజు వాడు చాలా నెమ్మదిగా అడిగాడు. అరిచి ఉంటే ఆమె తిరిగి అరిచేది. అంత నెమ్మదిగా అడిగేసరికి ఎదురు అరవడం చేతకాలేదు. వాడి తల మీద చెయ్యి పెట్టి, "నీ మీద ఒట్టురా. నీ తిండిలో నేనేమీ కలపలేదు, కలపను" అంది.

అన్న రోజున అది నిజం. ఆ వారంలోనే అబద్ధమైంది. బలవంతంగా ఆసుపత్రికి తీసుకెళ్తే, అక్కడి ముసలి డాక్టరు రంగూ రుచీ లేని చుక్కల మందు ఒకటి రాసిచ్చాడు. ఇప్పుడు ఇతను మింగమంటే మింగడు, ప్రస్తుతానికి తిండిలో కలిపి ఇవ్వండి, కాస్త తేరుకున్నాక మీరే కూర్చోబెట్టి చెప్పండి అన్నాడు. తిండిలో కలపమనడం తేలికే. తొక్కలో ఉన్న తిండిలో ఎలా కలపాలో ఆయన చెప్పలేదు. కాజాలక్క మందుల షాపులో సన్నటి సిరంజి కొని, అరటిపండు మీద నల్లమచ్చ ఉన్నచోట సూది దించి మందు ఎక్కించింది. మచ్చలో మచ్చ, ఎవరికీ కనబడదు. ఆ ఇంట్లో మొదటి ఇంజెక్షన్ అరటిపండుకి పడింది.

మందు పనిచేసింది. అదే వచ్చిన చిక్కు. కొన్ని వారాలకి వాడు పడుకున్నాడు, గోడ అవతలి వాళ్లు తమ గొడవల్లో తాము పడ్డారు, వండిన కూర వైపు చెయ్యి చాచాడు. ఒక సాయంత్రం తింటూ తింటూ ఆగి, తనలో తనే నవ్వుకున్నాడు.

"నువ్వేదో కలుపుతున్నావనుకున్నానక్కా. పెంచిన నిన్నే అనుమానించాను. పిచ్చి ఎంత పని చేయిస్తుందో చూడు" అన్నాడు. కళ్లు తుడుచుకుని ఇంకాస్త వడ్డించుకున్నాడు.

డాక్టరు చెప్పమన్న రోజు అదే. అలాంటి రోజు మళ్లీ రాదని ఆమెకి తెలుసు కూడా. కాని ఎదురుగా తమ్ముడు కడుపునిండా తింటున్నాడు. తినే మనిషి ముందు ఆ మాట ఎలా అంటుంది? రేపు చెబుదామనుకుంది. రేపు పోయి ఎల్లుండి అయింది. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్లి చేయమన్నారు పెద్దలు. ఒకే అబద్ధాన్ని వెయ్యిసార్లు ఆడి ఒక మనిషిని నిలబెట్టవచ్చని ఆమె సొంతంగా కనిపెట్టింది. చుక్కల సీసా గుండీల డబ్బాలో అడుక్కి చేరింది. ఆ డబ్బాలో తమ్ముడు చెయ్యి పెట్టడు, గుండీలతో వాడికేం పని.

వాడు తిరిగి షాపులో చేరాడు. పొద్దున్న ఏమీ తినే అలవాటు లేదు కనుక చుక్కలు మధ్యాహ్నానికి షాపుకి పట్టుకెళ్లే అన్నం డబ్బాలోని కూరలోకి వెళ్లేవి. వాడు మాత్రం రోగాన్ని ఒంటిచేత్తో గెలిచానని నమ్మాడు. నమ్మడమే కాదు, అందరికీ చెప్పేవాడు. మనసు కుదుటపడాలంటే మందూ మాకూ అక్కర్లేదు, పని చేసుకోవాలి, వేళకి తినాలి, నన్ను చూడండి అని దిగులుగా ఉన్నవాళ్లకి ధైర్యం చెప్పేవాడు. ఆ మాటలు వింటూ అక్క దారం ఎక్కిస్తూ ఉండేది. వాడికి ప్రపంచంలో ఉన్న గర్వం అదొక్కటే. దాన్ని కూడా లాక్కోవడానికి చేతులు రాలేదు.

షాపులో రంపం మిషన్ దగ్గర ఒక కోత మేస్త్రీ ఉండేవాడు. భార్య పోయాక వంట మానేసి, ఎండు రొట్టె నములుతూ మధ్యాహ్నాలు గడిపే మనిషి. తమ్ముడు ఆయన్ని బాబాయ్ అని పిలిచేవాడు. ఒంట్లో బాగుండనప్పుడు షాపులో తనని చూసి నవ్వనివాడు ఆయనొక్కడేనని వాడికి గురి. అందుకే ఒకరోజు డబ్బాలో సగం మూతలోకి వంచి ఆయన ముందు పెట్టాడు. ఆ రోజు నుంచి అది రోజూ జరిగింది. ఇంటికి వచ్చే డబ్బా ఖాళీగా, కడిగి ఉండేది. అక్కకి కావలసింది కూడా అదే. ఎవరు తిన్నారని ఆమె అడగలేదు.

కొన్నాళ్లకి తమ్ముడిలో మళ్లీ తేడా వచ్చింది. నిద్ర పలచబడింది. గోడ వైపు చెవి ఒగ్గి ఆగడం మొదలైంది. ఆసుపత్రిలో ముసలి డాక్టరు వెళ్లిపోయి కొత్త డాక్టరమ్మ వచ్చింది. మనిషిని చూడందే మాట్లాడనని ఆమె పట్టు. ఎలా తీసుకెళ్తుంది? ఏమని తీసుకెళ్తుంది? కాజాలక్క ఎవరినీ అడక్కుండా తనే చుక్కలు పెంచింది. కూర కాస్త ఎక్కువ పెట్టి, చుక్కలు ఇంకాస్త ఎక్కువ వేసింది. తమ్ముడు కూర ఎక్కువైందని సంతోషించి, మేస్త్రీకి సగం కంటే ఎక్కువ పెట్టాడు.

ఒక సాయంత్రం వాడు చొక్కా నిండా నెత్తురుతో ఇంటికి వచ్చాడు. నెత్తురు తనది కాదు. మేస్త్రీ మిషన్ ముందు తూగి, ఎడమచేతి రెండు వేళ్లు రంపానికి ఇచ్చేశాడు. మొదటి కణుపు దాకా పోయాయి. ఆయన్ని ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తింది తమ్ముడే. ఆమె కూర్చోబెట్టి నీళ్లిచ్చింది.

"తప్పు నాదేనక్కా" అన్నాడు. "కొన్నాళ్లుగా తినగానే బాబాయ్ తూగుతున్నాడు. వయసు మీద పడిందని అందరూ వేళాకోళం చేశారు, నేనూ నవ్వాను. నేనే కదా రోజూ నా డబ్బాలోంచి పొట్ట పగిలేలా పెట్టింది. అంత పెట్టకపోతే నిద్ర వచ్చేది కాదు."

స్టవ్ మీద కూర మాడుతున్నా కాజాలక్క దింపలేదు. తమ్ముడి నిద్ర ఎందుకు పోయిందో, మేస్త్రీకి నిద్ర ఎందుకు వచ్చిందో ఒక్క క్షణంలో అర్థమైంది. బతికున్నంత కాలం నీతో ఉంటాను అని కొన్ని క్షణాలు మనిషికి మాటిస్తాయి. ఆ క్షణం ఆమెకి అలా మాటిచ్చింది.

మర్నాడు దుకాణానికి సెలవు చెప్పి డాక్టరమ్మ ముందు కూర్చుని మొత్తం కక్కేసింది. అరటిపండు దగ్గర్నుంచి రంపం దాకా. డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఇక తిండిలో కలపడం మానాలి, మీ తమ్ముడికి నెలకొకసారి వేసే ఇంజెక్షన్ ఉంది, వేసిన మందు ఒంట్లో నెమ్మదిగా విడుదలవుతుంది, రోజూ చుక్కల గొడవుండదు అని చెప్పింది. వేసిన కొత్తలో అది అందుకునేదాకా కొన్ని వారాలు చుక్కలు కూడా వేసుకోవాలట. ఒకసారి ఒంట్లోకి వెళ్లిన సూదిమందుని వెనక్కి తీయలేం కాబట్టి, అతను తెలిసి ఒప్పుకోవాలట.

"బలానికి సూదని చెప్పి వేసెయ్యండి డాక్టరమ్మా. వాడు నమ్ముతాడు. నేను చెబితే ఏదైనా నమ్ముతాడు" అంది కాజాలక్క.

"అందుకే చెప్పకుండా వెయ్యనమ్మా" అంది డాక్టరమ్మ.

ఇంటికి నడిచి వస్తున్నంతసేపూ ఆమె పరిస్థితి అడకత్తెరలో పోకచెక్కే. చెప్పకపోతే వాడికి మందు లేదు. మందు లేకపోతే మళ్లీ తొక్కలు, పెంకులు, గోడకి చెవి. చెబితే వాడి పిచ్చి అన్న మాటే నిజమని ఒప్పుకోవాలి. ఊళ్లో ఎవరు కలిపినా వాడు తట్టుకుంటాడేమో, కలిపింది తను. ఒట్టు పెట్టింది తను. కోటు మీద బ్లేడు పెట్టేటప్పుడు ఆమెకి ఎన్నడూ భయం వేయలేదు. ఆ సాయంత్రం గుండీల డబ్బా మూత తీయడానికి భయం వేసింది.

తమ్ముడు గోళ్ల కింద ఎండిన లప్పం గీక్కుంటున్నాడు. ఆమె సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఏంటక్కా ఇది?"

"నీ మందు. నీ కూరలో కలుపుతున్నాను."

వాడు సీసా తీసి వెలుతురుకి ఎత్తి చూశాడు. నీళ్లలా ఉంది. "ఎప్పట్నుంచి?" అని అడిగాడు.

"నీ మీద ఒట్టు పెట్టిన వారం నుంచి" అంది ఆమె. ఇక చుక్కలు మాని డాక్టరమ్మ నెలకొక సూది వేస్తానందని, దానికి వాడు ఒప్పుకోవాలందని చెప్పింది. ఆ తర్వాత ఒట్టు గురించి గబగబా చెప్పుకుపోయింది. ఒట్టు పెట్టిన రోజున ఏమీ కలపలేదని, అది నిజంగా నిజమని, డాక్టరు ఇచ్చాకే కలిపానని, చెబుదామనుకుంటూనే రోజులు గడిచిపోయాయని. అప్పుడు లేదు, తర్వాత ఉంది. చెబుతుంటే ఆ తేడా ఆమెకే చిన్నపిల్లల వాదనలా వినిపించింది. వాడు వింటూ ఉన్నాడు. కోపం రాలేదు. మొహంలో వెలుగు మాత్రం దీపం వత్తి తగ్గించినట్టు తగ్గింది.

"అంటే నేను బాగవలేదు" అన్నాడు చివరికి. "నువ్వు బాగుచేశావు. నేను ఊరందరికీ నీతులు చెప్పాను."

ఆమె ఏదో అనబోయింది. వాడు చెయ్యెత్తి ఆపాడు. ఒక్కటి చెప్పు, బాబాయ్ తిన్నదీ ఇదేనా అని అడిగాడు. ఆమె తల ఊపింది. వాడు లేచి, పనికి వెళ్లి వచ్చినప్పుడు కడుక్కున్నట్టు మోచేతుల దాకా చేతులు కడుక్కుని బయటికి వెళ్లిపోయాడు.

వాడు ఇక రాడని, వచ్చినా మందు ముట్టడని, తను సర్వనాశనం చేసుకుందని ఆమె గుమ్మంలోనే కూర్చుండిపోయింది. వాడు మేస్త్రీ దగ్గరికి వెళ్లి వచ్చాడు. ఉన్నదున్నట్టు ఆయనకి చెప్పేశాడట. ఆయన కట్టు కట్టిన చెయ్యి చూసుకుని, అందుకేనా అంత హాయిగా నిద్రపట్టేది, నా పెళ్లామే కల్లోకి వచ్చి జోకొడుతోందనుకున్నాను అన్నాడట. అని నవ్వాడట. కాసేపయ్యాక నవ్వు మానేసి, ఇక నువ్వు వెళ్లరా అన్నాడట. ఆ తర్వాత షాపులో ఆయన్ని రంపం దగ్గర్నుంచి తీసి పొట్టు ఊడ్చే పనికి మార్చారు. కాజాలక్క ఒకసారి ఆయన ఇంటికి వెళ్లి తలుపు దగ్గర నిలబడి క్షమించమంది. ఆయన కూర్చోమన్నాడు, మంచినీళ్లిస్తానన్నాడు, తప్పు పట్టనన్నాడు. ఆమె తెచ్చిన పళ్లు మాత్రం తీసుకోలేదు.

సీసా బయటపెట్టిన ఆ సాయంత్రం, మేస్త్రీ దగ్గర్నుంచి తిరిగి వచ్చిన తమ్ముడు గుమ్మంలో ఆమెని దాటుకుని లోపలికి వెళ్తూ చెప్పాడు.

"సూది వేయించుకుంటాను. సూదైతే నా ఒంట్లోకే పోతుంది. ఇంకొకళ్ల ఒంట్లోకి పోదు."

అనుకున్నది నెరవేరిందని ఆమె ఏడ్చింది. కాసేపు సంతోషంతోనే ఏడ్చానని అనుకుంది కూడా.

ఇంజెక్షన్ రోజున ఆమె వెంట వెళ్లింది. డాక్టరమ్మ అన్నీ వాడికే చెప్పింది. ఒళ్లు బిగుసుకున్నట్టు ఉండవచ్చు, కూర్చున్నచోట కుదురు లేకపోవచ్చు, అలా ఉంటే దాచకుండా వచ్చి చెప్పండి, మోతాదు సర్దుతాం అంది. అక్కతో కాక తనతోనే డాక్టరు మాట్లాడటం వాడికి అదే మొదలు. శ్రద్ధగా విన్నాడు, రెండు ప్రశ్నలు అడిగాడు. నర్సు ఏ భుజానికి వేయమంటావంటే, కుడిచేత్తో చెక్క రుద్దాలి, ఎడమకి వెయ్యండి అన్నాడు. సూది దిగేటప్పుడు కాజాలక్క మొహం తిప్పుకుంది. బతుకంతా సూదితో గడిచిన మనిషి.

చుక్కలు కొనసాగించిన కొన్ని వారాలూ వాడే వేసుకున్నాడు. రోజూ ఆమె ఎదుట గ్లాసులో నీళ్లు పోసి, చుక్కలు వేసి, గటగటా తాగి, గ్లాసు బోర్లించేవాడు. కలపడం ఇలా కూడా ఉంటుంది అని చూపించడానికే అన్నట్టుండేది. సీసా అయిపోయాక దాన్ని కడిగి ఆమె గుండీల డబ్బా పక్కన పెట్టాడు.

మందు అందుకుంది. నిద్ర వచ్చింది, గోడ మళ్లీ వట్టి గోడైంది. మందు విషయంలో డాక్టరమ్మ చెప్పిన మాట ఒక్కటీ పొల్లు పోలేదు. మిగతా విషయం ఆమె చెప్పలేదు, ఏ డాక్టరూ చెప్పలేడు. వాడు ఒక చిన్న స్టవ్ కొని తెచ్చి తన గదిలో పెట్టుకున్నాడు. అక్క వండింది మళ్లీ ముట్టలేదు. అనుమానమా అంటే కాదు. వాసన చూడడు, కంచం మార్చుకోడు, నిందించడు. అక్కా అని పిలవడమూ మానలేదు. నాకు వేరేగా వండుకోవడం అలవాటవుతోందిలే అని మర్యాదగా చెప్పేవాడు. అనుమానమైతే దానికి మందుందని ఆమె ఆశపడేది. ఇది ఆరోగ్యంగా ఉన్న మనిషి నిమ్మళంగా తీసుకున్న నిర్ణయం. దీనికి చుక్కలూ లేవు, సూదులూ లేవు. దిగులుగా ఉన్నవాళ్లకి ధైర్యం చెప్పడం కూడా వాడు మానేశాడు. పని ముగించుకుని తల వంచుకుని ఇంటికొస్తాడు.

ఇరుగుపొరుగు వాళ్లు అదృష్టవంతురాలివి అన్నారు. తమ్ముడు బంగారమయ్యాడు, తన మందు తను వేయించుకుంటాడు, తన వంట తను చేసుకుంటాడు, ఇంకేం కావాలి నీకు అన్నారు. దుకాణంలో ఆమె జోకులు తగ్గాయి. ఒకరోజు కటింగ్ మాస్టారే ఒక పొట్టాయన్ని చూపించి ఆమెని కదిలించబోతే, ఆయన పొట్ట ఆయనిష్టం అని కాజాలో తల దూర్చింది. వండేటప్పుడు చెయ్యి అలవాటుగా ఇద్దరికి సరిపడా వేసేది. మిగిలినది పారేయలేక రెండు పూటలూ తనే తినేది. ఎవరికీ పెట్టేది కాదు. తన చేతి తిండి ఇంకొకరి నోట్లోకి పోతుందంటే ఆమెకే భయం.

వానలు పడుతున్నప్పుడు ఆమెకి జ్వరం వచ్చింది. లేవలేకపోయింది. తమ్ముడు పని మానేసి ఇంట్లో ఉన్నాడు. నుదుటి మీద తడిగుడ్డ వేశాడు, కాళ్లు రుద్దాడు, పక్క సర్దాడు. చిన్నప్పుడు ఆమె వాడికి ఏమేం చేసిందో అవన్నీ వరసగా చేశాడు. తర్వాత తన స్టవ్ మీద బియ్యం మెత్తగా జావలా ఉడికించి, గిన్నెలో పోసుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు. కాజాలక్క గోడకి ఆనుకుని లేచింది. వాడి చేతి వంట తను తినబోతోంది, రేపు తన చేతిది వాడు తింటాడేమో, ఇలాగే మొదలవుతుందేమో అనుకుంది. ఎన్నాళ్లకో ఆకలి వేసింది. నోరు తెరిచింది.

వాడు చెంచా ఆమె నోటికి అందించలేదు. ముందు తన నోట్లో పెట్టుకున్నాడు. నమిలి, మింగి, ఆమె చూసేదాకా ఆగాడు.

"ఏమీ కలపలేదక్కా" అన్నాడు. "తిను."

వాడి గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే ఆమె ఏడ్చి తేలికపడేది. ఎవరికైనా తిండి పెట్టేముందు అలా చేయాలని వాడు నిజంగానే అనుకుంటున్నాడు, అంతే. జ్వరం తగ్గేదాకా ప్రతి పూటా మొదటి చెంచా వాడే తిన్నాడు. మిగతా గిన్నె ఆమె ఖాళీ చేసింది.